ఇంటి కంప్యూటర్‌లో ఉత్తరాంధ్ర దరువు

పాటకు అడుగున నడిచే తాళాన్ని ఇంట్లోనే కంప్యూటర్ మీద కట్టుకోవడాన్ని బీటు తయారీ అంటారు. డ్రమ్ము దెబ్బలు, కింద మోగే బేస్, ఒకటి రెండు వాద్యాల పలుకులు కలిపి నాలుగో ఎనిమిదో ఆవర్తాల ముక్కగా చేస్తారు. ఆ ముక్కను అవసరమైన చోటల్లా తిప్పి వాయించి, మధ్యమధ్య మార్పులు చేస్తూ పాట పొడవునా పరుస్తారు. ర్యాప్ పాడే కుర్రాడికైనా, జాతరకు కొత్త పాట కట్టే బృందానికైనా, పొట్టి వీడియో తీసేవారికైనా ముందుగా కావలసింది ఈ దరువే.

ఒకప్పుడు ఇది ఇంట్లో అయ్యే పని కాదు. సాలూరు దగ్గరి శివరామపురం నుంచి వెళ్లిన సాలూరి రాజేశ్వరరావు అయినా, విజయనగరంలో 1935లో పుట్టిన పి.సుశీల అయినా సినిమా పాట కోసం మద్రాసు చేరక తప్పలేదు. వాద్యబృందం, మైకులు, టేపు యంత్రాలు, ఇంజినీర్లు అన్నీ అక్కడే ఉండేవి. 1983లో మిడి అనే ఉమ్మడి పద్ధతి రావడంతో వేర్వేరు కంపెనీల కీబోర్డులు, డ్రమ్ము యంత్రాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలిగాయి. ఎ.ఆర్.రెహమాన్ 1989లో చెన్నై కోడంబాక్కంలోని తన ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నారు. 1992 నాటి ‘రోజా’ పాటలు అలాంటి సొంత స్టూడియో ఏం చేయగలదో దేశానికి వినిపించాయి. 1996లో వచ్చిన వీఎస్‌టీ పద్ధతి వాద్యాలను, ఎఫెక్టులను సాఫ్ట్‌వేర్‌గా కంప్యూటర్ లోపలికే తెచ్చింది. 1990ల చివర్లో బెల్జియం నుంచి ఫ్రూటీలూప్స్, 2000లో ఉచితంగా ఆడాసిటీ వచ్చాక మామూలు ఇంటి కంప్యూటర్ కూడా చిన్న స్టూడియో అయింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. డప్పు, తప్పెటగుళ్లు, జముకు, డోలు, సన్నాయి ఇంకా వాయించే చేతుల్లోనే ఉన్నాయి. 2020లో విడుదలైన ‘పలాస 1978’ చిత్రానికి రఘు కుంచె ఉత్తరాంధ్ర జానపద బాణీలు వాడినప్పుడు ఇక్కడి నడక రాష్ట్రమంతా మోగింది. సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చే రెడీమేడ్ శబ్దాలు ప్రపంచంలో అందరి దగ్గరా ఉంటాయి. పక్క ఊరి జముకు శబ్దం మాత్రం వెళ్లి రికార్డు చేసుకున్నవారి దగ్గరే ఉంటుంది.

కావలసిన సరంజామా

ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న సాధారణ ల్యాప్‌టాప్ మొదటి మెట్టుకు సరిపోతుంది. పని జరిగే సాఫ్ట్‌వేర్‌ను డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్, పొట్టిగా డా అంటారు. బీట్లు కట్టేవారిలో ఎఫ్‌ఎల్ స్టూడియో పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఫ్రూటీలూప్స్ ఇప్పటి పేరు అదే. ఎల్‌ఎంఎంఎస్ పూర్తిగా ఉచితం. రీపర్‌ను 60 రోజులు ఊరికే వాడి చూసి, నచ్చితే కొనుక్కోవచ్చు. యాపిల్ కంప్యూటర్లలో గరాజ్‌బ్యాండ్ ఉచితంగా దొరుకుతుంది. పేర్లు, రంగులు వేరైనా వీటన్నిటి పని తీరు ఒకటే. ఒకటి పట్టుకుని దాన్నే బాగా నేర్చుకోవడం మేలు. తాళం పగలగొట్టిన దొంగ కాపీలతో వైరస్ బెడద ఉంటుంది. చేసిన పాటను అమ్ముకునే రోజున చిక్కులూ వస్తాయి.

బయటి శబ్దాన్ని కంప్యూటర్‌లోకి తేవడానికి మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. ఇంటర్‌ఫేస్ అంటే యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలించే చిన్న పెట్టె. మైకు నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్తును పెంచి, అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇస్తుంది. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టుల విద్యుత్తు కూడా దీని నుంచే అందుతుంది. కండెన్సర్ మైకు సన్నని శబ్దాన్ని కూడా పట్టేస్తుంది, దాంతోపాటు వీధిలో ఆటో మోతనూ పట్టేస్తుంది. డైనమిక్ మైకుకు అంత చురుకు లేదు కాబట్టి గట్టిగా మోగే డప్పుకు, నిశ్శబ్దం కుదరని ఇంటికి అదే నయం. ఇవేవీ లేకపోతే సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి ఫైలును కంప్యూటర్‌కు పంపుకోవచ్చు. చెవి మూసే హెడ్‌ఫోన్ మాత్రం తప్పనిసరి. స్పీకర్‌లో మోగే తాళం మైకులోకి దూరితే ఆ రికార్డింగ్ పనికిరాదు.

గడులు, గతులు

డా తెరవగానే కనిపించేది గళ్ల వరుస. ఒక ఆవర్తాన్ని మామూలుగా 16 గడులుగా చీలుస్తారు. ఏ గడిలో గుర్తు పెడితే ఆ క్షణాన ఆ వాద్యం మోగుతుంది. వేగాన్ని నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ లెక్కలో చెబుతారు. నిమిషానికి 100 దెబ్బలంటే దెబ్బకు దెబ్బకు మధ్య 0.6 సెకను, నాలుగు దెబ్బల ఆవర్తానికి 2.4 సెకన్లు. 16 గడుల్లో ఒక్కొక్కటి 0.15 సెకను ఉంటుంది.

ఈ 16 గడుల ఏర్పాటు చతురస్ర గతికి, అంటే దెబ్బను నాలుగుగా చీల్చే నడకకు సరిపోతుంది. పల్లె పాటల్లో తరచుగా వినిపించే ఊగు అది కాదు. అక్కడ దెబ్బ మూడుగా చీలుతుంది. తకిట తకిట అని నోటితో అనుకుంటే తెలిసిపోయే తిస్ర గతి అది. దాన్ని 16 గడుల్లో ఇరికిస్తే మూడు దెబ్బలూ సమాన దూరంలో పడవు, నడక కుంటుతుంది. మొదలుపెట్టే ముందే ఆవర్తాన్ని 12 గడులుగా మార్చుకోవాలి. అదే వేగంలో అప్పుడు గడికి 0.2 సెకను వస్తుంది. చతురస్ర గడుల్లోనే కొంచెం ఊగు చాలనుకుంటే స్వింగ్ అనే మీట ఉంటుంది. అది 50 శాతం దగ్గర ఉంటే దెబ్బలు సమానం. 66 దాకా జరిపితే రెండో దెబ్బ వెనక్కి జరిగి తిస్రం పోలిక వస్తుంది. ఖండ గతికి అయిదు, మిశ్రానికి ఏడు గడుల లెక్క. మృదంగమో డోలో కొంతకాలం నేర్చుకున్నవారికి ఈ గళ్లు చూడగానే అర్థమవుతాయి. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా నడిచిన విజయనగరం మహారాజా సంగీత కళాశాల పుణ్యమా అని ఈ ప్రాంతంలో అలాంటివారికి కొదవ లేదు.

గదిని సిద్ధం చేయడం

మంచి మైకు కంటే నిశ్శబ్దమైన గది ముఖ్యం. ఖాళీ గోడలు, గచ్చు నేల, రేకుల కప్పు శబ్దాన్ని తిప్పికొడతాయి. వాద్యం వెనుక, ఇరుపక్కలా పరుపులు నిలబెట్టి, బొంతలు వేలాడదీసి, నేల మీద దుప్పటి పరిస్తే ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. బట్టలు నిండిన గది, ధాన్యం బస్తాలు పేర్చిన గది కూడా ఈ పనికి బాగుంటాయి. పరుపులు గదిలోని మోతను తగ్గిస్తాయే గాని బయటి రొదను ఆపలేవు. దానికి వేళ చూసుకోవడమే మార్గం. వానాకాలం రాత్రి కప్పల గోల, జాతర రోజుల్లో గుడి మైకు మోత ఉంటాయి కాబట్టి ఎండాకాలం తెల్లవారుజాము అన్నిటికంటే అనువు.

రికార్డు చేసేంతసేపు ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. మన విద్యుత్తు సెకనుకు 50 చక్రాలు తిరిగేది గనుక ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత రికార్డింగ్‌లోకి వస్తుంది. చార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు అది పోతుంది. కరెంటు పోతే పని ఆగిపోదు కూడా.

సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్లు, సెకనుకు 44,100 లేదా 48,000 నమూనాలు ఎంచుకోవాలి. మనిషి చెవికి వినిపించే గరిష్ఠ ధ్వని సుమారు 20,000 హెర్ట్జ్. దానికి రెట్టింపు కంటే ఎక్కువ నమూనాలు తీస్తే శబ్దంలో ఏదీ తప్పిపోదు. అందుకే ఆ అంకెలు. శబ్దం ఎంత గట్టిగా వచ్చినా మీటరు ముల్లు మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఆగేలా ఇంటర్‌ఫేస్ మీట తిప్పుకోవాలి. సున్నా దాటితే తల తెగిన శబ్దం వస్తుంది. అది ఏ ఎఫెక్టుతోనూ బాగుపడదు.

డప్పు పలుకులు పట్టడం

డప్పుకు చర్మం ఒకవైపే ఉంటుంది. వాయించే ముందు మంట దగ్గర కాక చూపిస్తారు. చెమ్మకు సాగిన చర్మం వేడికి బిగుసుకుని కంగుమంటుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలి తేమ ఎక్కువ కాబట్టి ఆ బిగువు ఎక్కువసేపు నిలవదు. కాక తగిలిన డప్పు మొదటి నిమిషంలో పలికిన శ్రుతి పావుగంట తర్వాత ఉండదు. సాయంత్రమంతా రికార్డు చేసి, తర్వాత దెబ్బలు ఏరుకుంటే ఒకటి పైశ్రుతిలో, మరొకటి కిందిశ్రుతిలో దొరికి బీటు అతుకులబొంతలా వినిపిస్తుంది. కొద్దిసేపు వాయించడం, మళ్లీ కాక చూపించడం, మొదటి దెబ్బతో పోల్చుకుని కొనసాగించడం ఇక్కడ పద్ధతి. మంట బయట వాకిట్లో, మైకు గదిలో ఉండాలి.

డప్పును రెండు పుల్లలతో వాయిస్తారు. కుడిచేతిలో పొట్టిగా మందంగా ఉండే సిర్ర, ఎడమచేతిలో పొడుగ్గా సన్నగా ఉండే చిటికెన పుల్ల. సిర్రతో నడిమి దెబ్బ, సిర్రతో అంచు దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ, ఈ మూడూ వేర్వేరు శబ్దాలు. ఒక్కొక్కదాన్ని మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా మూడు స్థాయిల్లో వాయించాలి. ప్రతి స్థాయిలోనూ నాలుగేసి సార్లు తీసుకుంటే మొత్తం 36 చిన్న శబ్దాలవుతాయి. నాలుగుసార్లు ఎందుకంటే, మనిషి కొట్టిన ఏ రెండు దెబ్బలూ అచ్చుగుద్దినట్లు ఉండవు. ఒకే శబ్దాన్ని వరుసగా తిప్పితే చెవి వెంటనే యంత్రమని పసిగడుతుంది. నాలుగింటినీ మార్చి మార్చి వాడితే ఆ కృత్రిమత కనిపించదు.

మైకును చర్మానికి ఎదురుగా ఒకటిన్నర, రెండు అడుగుల దూరంలో, నడిమికి కాస్త పక్కగా పెట్టాలి. మరీ దగ్గరైతే బొంయ్‌మనే అడుగు శబ్దం మిగతావాటిని మింగేస్తుంది. మరీ దూరమైతే డప్పు కంటే గది ఎక్కువగా వినిపిస్తుంది. తర్వాత ప్రతి దెబ్బనూ మొదలు దగ్గర సరిగ్గా కత్తిరించి, చివర మెల్లగా తగ్గిపోయేలా చేసి, వాద్యం, దెబ్బ, స్థాయి, వరుస సంఖ్య కలిసొచ్చేలా పేరు పెట్టుకోవాలి. పేర్లు లేని ఫైళ్లలో వెతుక్కోవడం రికార్డు చేయడం కంటే పెద్ద పని అవుతుంది.

తప్పెటగుళ్లు, జముకు

తప్పెటగుళ్ల తీరు వేరు. గుండ్రటి రేకు చట్రానికి చర్మం బిగించిన వాద్యాన్ని ఛాతీ మీద వేలాడదీసుకుని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో అడుగులేస్తూ బృందం మొత్తం ఆడుతుంది. ఉత్తరాంధ్ర యాదవుల నుంచి వచ్చిన ఈ కళలో ఒక్క తప్పెట పలుకు కంటే పదిహేను తప్పెట్లు కలిసి మోగే నిండుతనమే ప్రాణం. ఒక కళాకారుడు వాయించిన ట్రాక్‌ను ఎనిమిదిసార్లు కాపీ చేస్తే ఆ నిండుతనం రాదు. ఒకే శబ్దం రెండు కాపీలు కలిస్తే 6 డెసిబెళ్లు పెరిగి గట్టిగా మోగుతుంది, అంతే. కాపీని కొంచెం పక్కకు జరిపితే గొట్టంలోంచి వచ్చినట్టు డొల్లగా వినిపిస్తుంది. అదే కళాకారుడి చేత ఎనిమిదిసార్లు మొదటి నుంచి చివరిదాకా వాయింపజేసి, నాలుగింటిని కుడివైపు, నాలుగింటిని ఎడమవైపు సర్దితే గుంపు వచ్చేస్తుంది. చేతికి చేతికి మధ్య వచ్చే సెకనులో వందో వంతు తేడాలే ఆ గుంపును సృష్టిస్తాయి. గజ్జెలను వేరే ట్రాక్‌లో తీసుకోవడం మంచిది.

జముకు దగ్గర ఇంకో చిక్కు ఉంది. గుండ్రటి డొల్ల అడుగున చర్మం, దాని నడుమ నుంచి వచ్చే ఒక తీగ, ఇదే దాని నిర్మాణం. వాద్యాన్ని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తీగను లాగి పట్టుకుని, రెండో చేత్తో మీటుతారు. లాగిన కొద్దీ శ్రుతి పైకి జారుతుంది, వదిలితే కిందికి దిగుతుంది. జముకుల కథ చెప్పేవారి గొంతుతో అది మాట్లాడుతున్నట్టు ఉండేది ఈ జారుడు వల్లే. డప్పులాగా ఒక్కో దెబ్బను ముక్కలు చేస్తే జారుడు తెగిపోయి టుంగు టుంగుమనే పొడి శబ్దం మిగులుతుంది. అందుకని జముకును పలుకులుగా కాక వాక్యాలుగా రికార్డు చేయాలి. కళాకారుడి చెవిలో హెడ్‌ఫోన్ పెట్టి, అనుకున్న వేగంలో తాళం వినిపిస్తూ, రెండు నాలుగు ఆవర్తాలు ఏకబిగిన వాయించమనాలి. ఆ ముక్కలను వేగం మార్చి సాగదీయడం, శ్రుతి మార్చడం సాఫ్ట్‌వేర్‌లో వీలవుతుంది గాని రెండు మూడు స్వరస్థానాలు దాటితే వాద్యం గొంతు మారిపోతుంది.

ఆలస్యం అనే ఇబ్బంది

కంప్యూటర్‌లో మోగే తాళానికి వాయిస్తుంటే చేతి దెబ్బ కాస్త ఆలస్యంగా చెవికి చేరుతుంది. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న మూటలుగా కట్టి పంపడమే ఇందుకు కారణం. మూటకు 256 నమూనాలైతే సుమారు 6 మిల్లీసెకన్లు, 1024 అయితే 23 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఇంకోసారి ఈ ఆలస్యం తగులుతుంది. పది మిల్లీసెకన్లంటే డప్పుకు దాదాపు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి విన్నట్టు. అది ఎవరికీ ఇబ్బంది కాదు. నలభై దాటితే మాత్రం వాయించేవారి చేయి తడబడుతుంది. రికార్డు చేసేటప్పుడు మూటను చిన్నది చేసుకుని, తర్వాత మిక్సింగ్‌కు పెద్దది చేసుకోవడం ఆనవాయితీ. విండోస్‌లో ఇంటర్‌ఫేస్‌తో వచ్చే ఏఎస్‌ఐఓ డ్రైవర్ వాడితే ఆలస్యం బాగా తగ్గుతుంది.

పొరలు పేర్చడం, మిక్సింగ్

ఆదిభట్ల నారాయణదాసు చేతులు, కాళ్లు, తలతో ఒకేసారి అయిదు తాళాలు వేసి చూపేవారని ప్రసిద్ధి. కంప్యూటర్‌లో ట్రాకులు ఎన్నయినా పెట్టుకోవచ్చు గాని, వినేవారి చెవికి ఒకేసారి మూడు నాలుగు పొరలకు మించి అందవు. అడుగున బేస్ డ్రమ్ము, దాని మీద డప్పు, పక్కల తప్పెట్లు, మధ్యమధ్య జముకు పలుకు, ఇంత చాలు. నాలుగు ఆవర్తాలు అన్నీ మోగించి, తర్వాత డప్పు ఆపి, మళ్లీ తేవడం వంటి హెచ్చుతగ్గులతోనే దరువు బతుకుతుంది. గళ్లకు అతికినట్టు దెబ్బలను సరిచేసే క్వాంటైజ్ మీటను నూరు శాతం నొక్కకూడదు. సగం సరిచేస్తే తాళం తప్పదు, చేతివాటమూ మిగులుతుంది. స్వరం కావాలంటే బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస కర్రతో చేసే వీణను మైకు ముందు పెట్టవచ్చు. లేదా మిడి కీబోర్డు మీద వాయించవచ్చు. మిడి శబ్దాన్ని పంపదు, ఏ మెట్టు ఎంత గట్టిగా ఎంతసేపు నొక్కారో ఆ సమాచారాన్నే పంపుతుంది. వాయించాక వాద్యాన్ని మార్చుకోగలగడం అందువల్లే.

మిక్సింగ్‌లో మొదటి సూత్రం ఎవరి చోటు వారికి ఇవ్వడం. బేస్ డ్రమ్ము 50, 60 హెర్ట్జ్ దగ్గర, డప్పు అడుగు శబ్దం 100కు అటూఇటూ ఉంటాయి. రెండూ ఒకే చోట పెరిగితే బురదగా వినిపిస్తుంది. గజ్జెలు, జముకు ట్రాకుల్లో 100 హెర్ట్జ్ కిందిదంతా కోసేస్తే ఆ చోటు ఖాళీ అవుతుంది. పూర్తయిన బీటును రెండు చోట్ల విని చూడాలి. సెల్‌ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కింది శబ్దాన్ని దాదాపు పలకదు కాబట్టి అందులో బేస్ మాయమై డప్పు మాత్రమే మిగులుతుంది. ఊరేగింపు డీజే పెట్టెల్లో అదే బేస్ గుండెలదిరేలా మోగి మాటలను మింగేస్తుంది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం నాటి వీధిలోనూ, చేతిలోని ఫోన్‌లోనూ సరిగా వినిపించే మిశ్రమం కుదిరేదాకా దిద్దుకోవాలి.

చివరి ఫైలును వేవ్ రూపంలో తీయాలి. 16 బిట్ల స్టీరియో అయితే నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది. ఎంపీ3 దానికి కాపీగానే ఉండాలి. యూట్యూబ్, స్పాటిఫై వంటివి ప్రతి పాటనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే సగటు స్థాయికి దగ్గరగా సర్దుతాయి. అంతకంటే గట్టిగా పిండిన పాటను అవే తగ్గిస్తాయి. పిండడం వల్ల దెబ్బల పదును పోవడమే మిగులుతుంది. శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకోవాలి.

ఎవరి హక్కు ఎంత

తరతరాలుగా వస్తున్న బాణీ ఎవరి సొంతమూ కాదు. కానీ జానపదంలా వినిపించేదంతా సొంతదారు లేనిది కాదు. పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావు 1943లో పుట్టి 2020లో మరణించారు. జనం నోట జానపదాలై తిరిగే ఆయన పాటలకు ఆయనే కర్త. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది, అంటే ఆ పాటలకు 2080 చివరి వరకు. వేరొకరి రికార్డింగ్‌లోంచి దరువు ముక్క కోసి వాడుకోవాలన్నా ఆ రికార్డింగ్ హక్కుదారు అనుమతి కావాలి. సౌండ్ రికార్డింగ్‌పై హక్కు విడుదల నుంచి 60 ఏళ్లు. మైకు ముందు వాయించిన కళాకారుడికి ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది. జముకు వాయించిన పెద్దాయనకు ముందే మాట్లాడుకున్న డబ్బు ఇచ్చి, ఆ శబ్దాన్ని ఎక్కడెక్కడ వాడుతారో చెప్పి, ఒక కాగితం మీద సంతకాలు చేసుకోవాలి. పాట కింద ఆయన పేరు, ఊరు పేరు వేయడం అందులో భాగమే. యూట్యూబ్ యంత్రాంగం పాత రికార్డింగులతో పోల్చి హక్కుల ఫిర్యాదు లేపినప్పుడు ఆ కాగితం, రికార్డింగ్ అసలు ఫైళ్లు రెండూ ఆధారాలవుతాయి.

అసలు ఫైళ్లను ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్క్‌లో ఒకటి, ఇంటర్నెట్ నిల్వలో ఒకటి, మొత్తం మూడు చోట్ల ఉంచాలి. ప్రాజెక్టు ఫైలు ఒక్కటే దాస్తే చాలదు. అందులో శబ్దాలు ఉండవు, అవి ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలే ఉంటాయి. అన్ని ట్రాకులనూ మొదటి క్షణం నుంచి చివరిదాకా విడివిడి వేవ్ ఫైళ్లుగా తీసి, వేగం, గతి, వాయించినవారి పేరు, తేదీ రాసిన చిన్న కాగితంతో కలిపి దాచితే, పదేళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ మారిపోయినా ఆ దరువును ఏ కంప్యూటర్‌లోనైనా తెరవవచ్చు.